నొప్పుల సూది ఉంది, నడుము పట్టే చెయ్యి లేదు

(చందూర్‌లో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మందులు లేకుండా ప్రసవ వేదనను ఎలా తట్టుకోవాలి అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే నాకు కొంచెం జంకు కలిగింది. తట్టుకోవడం గురించి ఆడవాళ్ళకు ఇంకొకరు వచ్చి చెప్పాలా? పుట్టినప్పటి నుంచి మనకు నేర్పింది అదే కదా. భూదేవంత ఓర్పు అనే పొగడ్త కింద ఎన్ని అన్యాయాలు కప్పిపెట్టారో ఈ గదిలో ఉన్నవాళ్ళకు నేను వివరించనక్కరలేదు. కాబట్టి నేను ఓర్పు గురించి మాట్లాడను. నొప్పులు పడుతున్న స్త్రీకి సమాజమూ వైద్య వ్యవస్థా ఏమి బాకీ పడి ఉన్నాయి, ఆ బాకీని మనం ఎలా వసూలు చేసుకోవాలి అన్నది మాట్లాడతాను.

నిజామాబాద్ జిల్లాలో లేబర్ ఆఫీసు అంటే ఏమిటో తెలియని ఆడవాళ్ళు తక్కువ. బీడీలు చుట్టేవాళ్ళు పీఎఫ్ కోసమో, పింఛను కాగితాల కోసమో ఎవరి వెంటో ఒకరి వెంట దాని మెట్లు ఎక్కే ఉంటారు. అదే ఆడవాళ్ళు కాన్పుకు పోయే గది మీద కూడా 'లేబర్ రూమ్' అనే రాసి ఉంటుంది. ఇంగ్లీషులో శ్రమకూ ప్రసవానికీ ఒకే మాట. ప్యాట్రీషియా జెఫరీ, రోజర్ జెఫరీ, ఆండ్రూ లయన్ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ పల్లెల్లో పనిచేసి 1989లో తెచ్చిన పుస్తకానికి ఈ రెండర్థాలూ కలిసేలాగే పేరు పెట్టారు. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకుని నేను ఒక ప్రశ్న వేస్తాను. బీడీల కార్ఖానాలో, చెరకు తోటలో, నాట్లలో పనిచేసే స్త్రీకి కూలి రేటు, పని గంటలు, తాగే నీళ్ళు, నీడ ఉండాలని మనం పోరాడాం. మరి లేబర్ రూమ్‌లో ఆమె చేసే శ్రమకు పని పరిస్థితులు ఏమిటి? అక్కడ నీళ్ళు తాగనిస్తున్నారా? నడవనిస్తున్నారా? తోడు మనిషిని ఉండనిస్తున్నారా? తిట్లు లేకుండా పని సాగనిస్తున్నారా?

మనవి మందు లేని కాన్పులా?

మన దగ్గర నార్మల్ కాన్పు అంటే మందు లేని కాన్పు అనుకుంటాం. ఇది నిజం కాదు. కాన్పయిన ఏ తల్లినైనా అడగండి, 'నొప్పుల సూది' ఇచ్చారని చెబుతుంది. సెలైన్‌లో కలిపి ఎక్కించే ఆక్సిటోసిన్ అది. మన శరీరంలోనే తయారయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. బయటి నుంచి ఎక్కించినప్పుడు నొప్పులు ఇంకా గట్టిగా, ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికే ఊపిరి తీసుకునే వ్యవధి తగ్గిపోతుంది. కాన్పు నిజంగా ఆగిపోయినప్పుడు, బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని గమనిస్తూ లెక్కగా ఇస్తే అది అవసరమైన మందే. కానీ మంచాలు ఖాళీ కావాలని, డ్యూటీ మారే లోపల పని అయిపోవాలని ఇచ్చినప్పుడు అది ఎవరి సౌకర్యం కోసం ఇచ్చిన మందు?

తమిళనాడులో ఈ పరిస్థితిని సెసీలియా వాన్ హాలెన్ అనే మానవశాస్త్రజ్ఞురాలు పరిశీలించి 2003లో పుస్తకంగా రాసింది. అక్కడి పేద స్త్రీలకు కాన్పును త్వరపెట్టే మందులు విరివిగా ఇస్తున్నారనీ, నొప్పి తగ్గించే మందులు దాదాపు ఇవ్వడం లేదనీ ఆమె చూసింది. మనం మన కాన్పు గదులను అదే కన్నుతో చూడాలి. వెన్నులో సూది వేసి నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఎక్కువగా పెద్ద నగరాల ఖరీదైన ఆసుపత్రులలో దొరుకుతుంది. కూలి చేసుకునే స్త్రీకి దొరికేది నొప్పి పెంచే సూది. తగ్గించే మందూ లేదు, తగ్గించే మనిషీ లేదు. దీన్ని సహజ ప్రసవం అనడం మన మీద ఎగతాళి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి ఇచ్చే ఆక్సిటోసిన్ సూది వేరు. అది రక్తస్రావాన్ని ఆపి ప్రాణం నిలబెడుతుంది. దాన్ని వద్దనకూడదు. మనం ప్రశ్నించేది బిడ్డ పుట్టకముందు కారణం చెప్పకుండా ఎక్కించేదాన్ని.

'కోసెయ్యండి' అని ఎందుకు అడుగుతున్నారు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది చిన్న విజయం కాదు. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఇంటి దగ్గర రక్తం పోయి చనిపోయిన తల్లులను మన అమ్మమ్మల తరం ఎంతమందిని చూసిందో గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. కానీ అదే సర్వే ఇంకో లెక్క కూడా చెప్పింది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం సగటు 21.5 శాతం మాత్రమే. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటిన తర్వాత అవి పెరిగినకొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

డాక్టర్లను అడిగితే ఆడవాళ్ళే అడుగుతున్నారంటారు, ముహూర్తాలు పెట్టుకుని వస్తున్నారంటారు. ఇందులో కొంత నిజం ఉంది. పంతులుగారిని అడిగి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఆపరేషన్‌కు ఎక్కువ డబ్బు, తక్కువ సమయం అనే లెక్కలు వేసుకునే ఆసుపత్రులూ ఉన్నాయి. కానీ 'నొప్పులు నాతోని కాదు, కోసెయ్యండి' అనే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగి చూడండి. దేనికి భయం అని అడగండి. అక్క కాన్పప్పుడు చూసిందో, వదిన చెప్పగా విన్నదో, ఆమె చెప్పేది ఒంటరిగా పడుకోబెట్టిన సంగతి. కదలొద్దన్న సంగతి. అరిస్తే చెంప మీద కొట్టిన సంగతి. 'అప్పుడు తెల్వలేదా, ఇప్పుడు ఏడుస్తున్నవు' అన్న సంగతి. ఆమె భయమంతా నొప్పికి కాదు. ఆ గదికి. ఈ అవమానాన్ని తప్పించుకోవడానికి పొట్ట మీద కోతను ఎంచుకునే స్త్రీది స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనగలమా?

ఇక్కడ నా అనుభవం ఒక్కటి చెబుతాను. నా మొదటి కాన్పు నాటికే నేను ఈ విషయాల మీద చాలా చదివి ఉన్నాను. అయినా ఆ ఆసుపత్రిలో వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి సెలైన్ పెట్టి, మా అమ్మను తలుపు బయట నిలబెట్టారు. నేను నోరెత్తి ఒక్క ప్రశ్న అడగలేదు. నేల తుడుస్తున్న ఆయమ్మ ఒకామె నా మంచం దగ్గర ఆగి, నన్ను పక్కకు తిప్పి, పిడికిలితో నా నడుము కింద గట్టిగా నొక్కి పట్టింది. రెండు నొప్పులసేపు అలాగే ఉంది. తర్వాత ఎవరో కేకేస్తే వెళ్ళిపోయింది. ఆ రెండు నొప్పులూ మిగతావాటికన్నా చిన్నవని చెప్పలేను. వాటిని దాటగలిగాను, అంతే. మిగతావాటి గురించి నాకు గుర్తున్నది పైన తిరుగుతున్న ఫ్యాను మాత్రమే. చదువు, ఉద్యోగం ఉన్న నేను అడగలేకపోయినప్పుడు, పదో తరగతి మధ్యలో ఆపి పెళ్ళి చేసుకున్న పిల్ల అడగలేదని ఎలా తప్పుపడతాం?

నొప్పి తెలియని ఆడవాళ్ళు అనే అబద్ధం

హైదరాబాద్ సంస్థానానికి నొప్పి లేని చికిత్సతో పాత సంబంధమే ఉంది. శస్త్రచికిత్సకు మత్తుగా క్లోరోఫాం వాడడం ఎంత భద్రం అని తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. ఆరో నిజాం ప్రభుత్వం డబ్బు పెట్టింది, వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ పరిశోధన నడిపించాడు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యంలో ప్రపంచంలోనే మొట్టమొదటి స్త్రీలలో ఒకరిగా పేరు పొందింది. నొప్పి దేవుడిచ్చిన శిక్ష కాదు, దాన్ని తగ్గించడం ప్రభుత్వం ఖర్చు పెట్టదగిన పని అని ఈ నేల మీద ఆనాడే ఒప్పుకున్నారు. కాన్పు గది దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోయారు.

మందుల్లేని కాన్పు అనే ఆలోచనను ఇంగ్లండులో ప్రచారం చేసిన గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు మాటల్లో ఒక మంచి ఉంది, ఒక చెడు ఉంది. భయం శరీరాన్ని బిగదీస్తుంది, బిగుసుకున్న శరీరానికి నొప్పి ఎక్కువవుతుంది, నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుంది అని ఆయన 1930ల నుంచి చెప్పాడు. ఈ చక్రం నిజమే. కానీ అదే నోటితో 'అనాగరిక' స్త్రీలు నొప్పి లేకుండా కంటారనీ, నాగరికత వల్ల నొప్పి వచ్చిందనీ అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. ఈ అబద్ధం మన ఆసుపత్రుల్లో ఇంకో వేషంలో తిరుగుతూనే ఉంది. కూలి పని చేసుకునేవాళ్ళకు కాన్పు తేలిక, తండా వాళ్ళు ఓర్చుకుంటారు, మాదిగ వాడ ఆడవాళ్ళకు అలవాటే అనే మాటలు వినే ఉంటారు. ఎవరి నొప్పిని నమ్మాలి, ఎవరి నొప్పిని నమ్మనక్కరలేదు అని కులమూ వర్గమూ నిర్ణయిస్తున్నాయి. సహజ ప్రసవం గురించి మాట్లాడే ప్రతిసారీ మనం ఈ ఉచ్చును గుర్తు పెట్టుకోవాలి.

డిక్-రీడ్ తర్వాత ఫ్రాన్సులో లమాజ్ అనే డాక్టరు 1951లో సోవియట్ యూనియన్‌కు వెళ్ళి, అక్కడి పద్ధతి చూసి వచ్చి పారిస్‌లో మొదలుపెట్టాడు. కార్మిక సంఘంవారి ఆసుపత్రిలో, కార్మిక కుటుంబాల స్త్రీల మధ్య అది మొదలైందన్న సంగతి ఇవాళ ఆ పేరుతో డబ్బు తీసుకుని తరగతులు నడిపేవాళ్ళు చెప్పరు. గర్భిణికి ముందుగానే ఆమె శరీరంలో ఏం జరుగుతుందో చెప్పడం, ఊపిరి తీసుకునే తీరు సాధన చేయించడం, తోడుగా ఒక మనిషిని ఉంచడం, ఇదీ అందులోని సారాంశం. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు.

ఏది పనిచేస్తుంది?

ఇది వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ అక్కలు రేపటి నుంచే వాడుకోగలరు.

అన్నింటికన్నా ముందు తోడు. కాన్పు మొదలు నుంచి చివరి దాకా ఒక మనిషి విడవకుండా పక్కన ఉంటే ఏమవుతుంది అని 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను 2017లో కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూసింది. తోడు ఉన్నవారిలో మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, కాన్పు సమయం తగ్గింది, నొప్పి మందులు అడగడం తగ్గింది, కాన్పు గురించి చెడు జ్ఞాపకం మిగలడం కూడా తగ్గింది. ఇదే పని ఒక మాత్ర చేస్తే దాన్ని ప్రతి ఆసుపత్రీ కొనేది.

రెండోది కదలిక. నిలబడడం, నడవడం, గోడకో మంచానికో ఆనుకుని ముందుకు వంగడం, మోకాళ్ళ మీద కూర్చోవడం. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నువైపు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. నిటారుగా ఉంటే బిడ్డ బరువే కిందికి దారి చేస్తుంది. పడుకోవాలనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఏ భంగిమ బాగుంటుందన్నది ఆమె శరీరం చెబుతుంది. మనం చేయవలసింది అడ్డం రాకపోవడం.

మూడోది చెయ్యి. నొప్పి వచ్చినప్పుడు నడుము కింది ఎముక మీద అరచేతితో గట్టిగా, నొప్పి పోయేదాకా నొక్కి పట్టడం. మధ్యలో వీపు రాయడం. వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ నడుముకు పెట్టడం, చర్మం కాలకుండా ముందు మన చేతికి పెట్టుకుని చూసుకుని. స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డం పడుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు. మన మంత్రసానికి ఆ సిద్ధాంతం తెలియదు, పని తెలుసు.

నాలుగోది ఊపిరి, గొంతు. ముక్కుతో తీసుకుని నోటితో నిదానంగా వదలడం. మూలగాలనిపిస్తే మూలగడం. అరవొద్దని నోరు మూయించడం వైద్యం కాదు. ఐదోది నీళ్ళు, కొద్దిగా జావ లాంటిది. సమస్యలు లేని కాన్పులో నోరు కట్టేయనక్కరలేదు. ఆరోది మాట. ఇప్పుడు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఏం జరుగుతుంది, ఈ సూది దేనికి అని చెప్పడం. ఎంతసేపో తెలియని నొప్పి రెట్టింపు నొప్పి.

మందు వాడకుండానే ఆపగలిగే నొప్పులు ఇంకా ఉన్నాయి. అవి మనుషులు పెట్టేవి. పొట్ట మీద ఎక్కి నొక్కడం, ప్రతి ఒక్కరికీ కింద కోసి కుట్లు వేయడం, అందరికీ ఎనిమా ఇవ్వడం, వెంట్రుకలు గీయడం. ఇవేవీ మామూలుగా చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫారసుల్లో ఉంది. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదు కాబట్టి త్వరపెట్టాలి అనే పాత లెక్క కూడా చెల్లదని అదే పత్రం చెప్పింది. మొదటి కాన్పులో అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్న తర్వాత కూడా పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. తొందర ఆమెది కాదు, మనది.

అలాగని మంత్రసానుల కాలం బంగారు కాలం అని నేను చెప్పడం లేదు. ఆ స్త్రీలు చాకలి, మంగలి, మాదిగ కులాలవాళ్ళు. మైల పని వాళ్ళ నెత్తిన పెట్టి, చాటెడు బియ్యం, పాత చీర ఇచ్చి పంపేవారు. బొడ్డు కోసిన కొడవలితో ధనుర్వాతం వచ్చిన బిడ్డలున్నారు, మాయ పడక రక్తం పోయిన తల్లులున్నారు. కాన్పు ఆసుపత్రికి మారాలి, మారింది. కానీ మంత్రసాని దగ్గర ఉన్న ఒక నైపుణ్యం, అంటే నొప్పులు పడే మనిషి పక్కన కూర్చుని ఉండడం, ఆసుపత్రికి చేరలేదు. ఆ పనిని ఎవరూ నైపుణ్యంగా లెక్కపెట్టలేదు కాబట్టి చేరలేదు.

ఇంకో జాగ్రత్త. రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, కళ్ళు మసకబారి తలనొప్పి వచ్చినా, ఉమ్మనీరు పచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా అప్పుడు సహజం అనే మాట పక్కన పెట్టాలి. అవసరమైన పెద్దాపరేషన్ ప్రాణదానం. అలాగే, తోడు ఉన్నా, చెయ్యి ఉన్నా నొప్పి భరించలేనన్న స్త్రీకి ఎపిడ్యూరల్ లేదా వేరే మందు అడిగే హక్కు ఉంది. 2018 సిఫారసులు మాలీషు, ఊపిరి పద్ధతులతో పాటు ఆ మందులనూ పేర్కొన్నాయి. మందు తీసుకున్నది బలహీనురాలు కాదు, తీసుకోనిది వీరవనిత కాదు.

కాగితం మీద ఉన్నది గదిలోకి రావాలి

మన చేతిలో ఒక ఆయుధం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. షరతులు కష్టమైనవి కావు. ఆ తోడు స్త్రీ అయి ఉండాలి, తాను కాన్పు అనుభవించినదై ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, చివరి దాకా ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. అమ్మ, అక్క, అత్త, ఆశా కార్యకర్త, ఎవరైనా కావచ్చు. స్థలం లేదు, పక్క మంచం వాళ్ళకు మరుగు ఉండదు అని అధికారులు అంటారు. మరుగుకు ఒక తెర చాలు. తెర లేదని తల్లిని బయట నిలబెట్టడం సమాధానం కాదు.

మిడ్‌వైఫ్‌ల సంగతీ అంతే. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. ఇది మంచి అడుగు. కానీ శిక్షణ పొందిన మనిషిని మళ్ళీ ఇంకో వార్డు డ్యూటీకి పంపితే ఆ శిక్షణ ఎవరికి? ఒక్క స్టాఫ్ నర్సు అయిదారుగురిని చూసుకోవలసి వస్తే ఆమె ఎవరి నడుము పడుతుంది? ఆమె కోపానికి కారణం ఆమె స్వభావం మాత్రమే కాదు, ఆమె పని పరిస్థితులు కూడా. లేబర్ రూమ్‌లో ఇద్దరు శ్రామికులున్నారు, కనేవాళ్ళు ఒకరు, కనిపించేవాళ్ళు ఒకరు. మన పోరాటం ఇద్దరి తరఫునా జరగాలి.

సిజేరియన్లు తగ్గించాలని ప్రభుత్వం 2022లో మామూలు కాన్పులకు సిబ్బందికి ప్రోత్సాహకాలు ప్రకటించింది. లక్ష్యం మంచిదే. కానీ తోడు, చోటు, మనిషి ఇవ్వకుండా అంకె మాత్రమే అడిగితే, ఆ అంకె స్త్రీ శరీరం మీదే పడుతుంది. నిన్నటి దాకా కోసెయ్యడం, రేపటి నుంచి బలవంతంగా కనిపించడం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్లతో ఏమయిందో మనం మరచిపోలేదు.

కాన్పు గదిలో జరిగే హింసను హింస అని చట్టంలో మొదట రాసుకున్నది 2007లో వెనెజువేలా. అక్కడి ఆడవాళ్ళు దానికి పేరు పెట్టి పోరాడారు కాబట్టి అది చట్టమయింది. మనం చట్టం దాకా పోవడానికి ముందు, ఈ మండలంలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏడో నెల దాటిన ప్రతి గర్భిణిని, ఆమెకు తోడు వెళ్ళే మనిషిని కలిపి కూర్చోబెట్టి నడుము పట్టడం, ఊపిరి, భంగిమలు నేర్పుదాం. ఆడబిడ్డ తల్లిగారింటికి కాన్పుకు పోతుంది కాబట్టి ఆ ఊరి ఆశాకు కూడా కబురు చేద్దాం. 2016 నాటి ఆదేశాన్ని తెలుగులో అచ్చు వేసి ప్రతి ఆసుపత్రి గోడ మీద అంటించమని అడుగుదాం. కాన్పయిన ప్రతి తల్లినీ మూడు ప్రశ్నలు అడిగి రాసుకుందాం. తోడు ఉండనిచ్చారా? కదలనిచ్చారా? సూది ఎందుకో చెప్పారా? ఏడాదిలో ఈ కాగితాలు పట్టుకుని జిల్లా కలెక్టరు ముందు కూర్చోవచ్చు.

చివరగా, నాట్ల కాలంలో ఒక్క ఆడమనిషి మడి మొత్తం నాటడం మీరు ఎప్పుడైనా చూశారా? నడుములు అందరివీ నొస్తాయి, అయినా వరుసలో పక్కన మనిషి ఉంటుంది. పొద్దంతా వంగి చేసే ఆ పనిని మనం ఒంటరిగా చెయ్యమని ఎవరినీ అడగం. కాన్పును మాత్రం ఒంటరిగా చెయ్యమని అడుగుతున్నాం. ముందు ఆ తలుపు బయట నిలబడ్డ తల్లిని లోపలికి తీసుకుపోదాం. మిగతా మాటలు ఆమె లోపలికి వెళ్ళిన తర్వాత మాట్లాడవచ్చు.

 ఇక మీరు మాట్లాడండి, మీ కాన్పుల సంగతులు చెప్పండి, నేను రాసుకుంటాను.